వీడియో ఆటల జాతకం

పిల్ల పుట్టగానే జాతకం రాయించడం మనకి కొత్త కాదు. పెళ్ళికీ, గృహప్రవేశానికీ, ఆఖరికి కొత్త కారు ఇంటికి తెచ్చుకోవడానికీ పంచాంగం తిరగేసేవాళ్ళం. అయితే ఒక ఆటవస్తువుకి దేశదేశాల పెద్దలంతా పనిగట్టుకుని జాతకం రాయడం మాత్రం నాకు తెలిసి వీడియో గేము విషయంలోనే జరిగింది. దేశాధ్యక్షులు రాశారు, డాక్టర్లు రాశారు, సినిమావాళ్ళు రాశారు. వాటిని తయారుచేసి అమ్ముకునే కంపెనీలవాళ్ళ సంగతి సరేసరి. యాభై యేళ్ళుగా రాస్తూనే వున్నారు. ఆ జోస్యాలన్నీ ఇప్పుడు ఒకచోట చేర్చి చదువుకుంటే, దూరదర్శన్‌లో హాస్యనాటిక చూసినంత కాలక్షేపం.

ముందు పుట్టుక సంగతి చెప్పాలి. 1958లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే శాస్త్రవేత్త వుండేవారు. మొదటి అణుబాంబుల తయారీలో ఎలక్ట్రానిక్ పనులు చూసిన మనిషి. ఏటా జనం ఆ ప్రయోగశాల చూడ్డానికి వచ్చే రోజులు కొన్ని వుండేవి. వచ్చినవాళ్ళు గోడలకి తగిలించిన పటాలు చూసి విసుగెత్తిపోతారు కదా అని, ఆయన అయిదంగుళాల తెర మీద టెన్నిస్ ఆట ఒకటి అమర్చారు. ఒక వెలుగు చుక్క బంతి. ఒక అడ్డగీత నేల. మధ్యలో బెత్తెడు కూడా లేని నిలువు గీత వల. జనం బారులు తీరారు. మరుసటి యేడు కాస్త పెద్ద తెర పెట్టారు. ఆ తరవాత ఆ సామానంతా వూడదీసి వేరే పనులకి వాడేసుకున్నారు! ఆయన దాని మీద పేటెంటూ తీసుకోలేదు, ఇది ముందుముందు ఇంతవుతుంది అంతవుతుంది అని ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఈ కథ మొత్తంలో జోస్యం చెప్పని పెద్దమనిషి దాదాపు ఆయనొక్కడే. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇళ్ళలోకి వచ్చింది 1972లో. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు చేసిన దాన్ని తీసుకుని మాగ్నవాక్స్ కంపెనీ 'ఒడిస్సీ' అని ఒక పెట్టె అమ్మింది. టీవీకి తగిలిస్తే తెర మీద మూడు తెల్ల చుక్కలూ, ఒక గీతా కనిపిస్తాయి. అంతే. రంగులు కావాలంటే వాళ్ళే రంగుల బొమ్మలు వేసిన పలచటి ప్లాస్టిక్ కాగితాలు ఇచ్చారు, టీవీ అద్దానికి అంటించుకోవాలి. పెట్టెతోపాటు పేకముక్కలూ, ఉత్తుత్తి నోట్లూ, పాచికలూ కూడా ఇచ్చారు. భవిష్యత్తు ఇంటికొచ్చిందని మురిసిపోయి అట్టపెట్టె విప్పితే లోపల్నుంచి పాచికలు రాలాయన్నమాట. ఈ పాచికల సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అదే యేడు కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే వూళ్ళో ఒక బారులో, అటారీ అనే చిన్న కంపెనీవాళ్ళు 'పాంగ్' అని ఒక ఆటయంత్రం పెట్టి చూశారు. పావు డాలరు బిళ్ళ, అంటే అమెరికా పావలా అనుకోండి, వేస్తే ఆట మొదలవుతుంది. కొద్ది రోజులకే యంత్రం పనిచెయ్యడం లేదని బారు నుంచి కబురొచ్చింది. తయారుచేసిన అలన్ ఆల్కార్న్ అనే ఇంజనీరు వెళ్ళి విప్పి చూస్తే యంత్రానికి ఏ రోగమూ లేదు. బిళ్ళలు పడే డబ్బా నిండి పొంగిపోయింది, ఇంకో బిళ్ళ దిగడానికి చోటు లేదు. ఖాళీ చేసి పెడితే మళ్ళీ నడిచింది.

నన్నడిగితే ఈ ఆటల జాతకమంతా ఆ డబ్బాలోనే వుంది. కాని పెద్దలెవరూ డబ్బా వైపు చూడలేదు, అందరూ తెరనే చూశారు. చూసి ఏం చెప్పారయ్యా అంటే, పిల్లలు పాడైపోతారని చెప్పారు.

1981లో బ్రిటిష్ పార్లమెంటులో జార్జి ఫౌక్స్ అనే లేబరు పార్టీ సభ్యుడు, 'స్పేస్ ఇన్వేడర్స్' వగైరా ఎలక్ట్రానిక్ ఆటలని అదుపులో పెట్టాలని ఒక బిల్లు తెచ్చారు. ఆకాశం నుంచి దిగే బొమ్మ రాక్షసులని కాల్చే జపాను ఆట అది. ఆ రాక్షసుల్ని అదుపు చెయ్యడానికి సాక్షాత్తూ బ్రిటిష్ పార్లమెంటు కూర్చుంది. 94 మంది ఔనన్నారు, 114 మంది కాదన్నారు. ఇరవై ఓట్ల తేడాతో రాక్షసులు నెగ్గారు. అదే యేడు నవంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ గారికి ఓట్ల బెడదేమీ లేదు కనక, ఆటలని ఏకంగా నిషేధించి యంత్రాలని ధ్వంసం చెయ్యమన్నారు. అయిదేళ్ళు తిరక్కుండానే, 1986 ఫిబ్రవరిలో ఆయనే దేశం విడిచి వెళ్ళిపోవలసి వచ్చింది. ఆటలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అమెరికాలో ప్రభుత్వ పెద్ద డాక్టరుని సర్జన్ జనరల్ అంటారు. 1982లో ఆ పదవిలో వున్న ఎవరెట్ కూప్ గారు ఒక సభలో, వీడియో ఆటలు పిల్లల ఒంటికీ మనసుకీ కూడా చేటు తెస్తున్నాయని అనేశారు. గగ్గోలు పుట్టింది. వెంటనే, అది నా సొంత అభిప్రాయం, శాస్త్రీయమైన ఆధారమంటూ ఏమీ లేదు అని ఆయనే సర్దుకోవలసి వచ్చింది. నాలుగు నెలలు గడిచేసరికి, 1983 మార్చిలో, అధ్యక్షుడు రీగన్ గారు ఫ్లోరిడాలో పిల్లల ముందు నిలబడి, ఈ ఆటల వల్ల మీకు చేతికీ కంటికీ బుర్రకీ పొందిక బాగా కుదురుతోంది, రేపు మీరు మన విమానాలు అద్భుతంగా నడుపుతారని వైమానిక దళంవారు నమ్ముతున్నారు అన్నారు. ఒకే ప్రభుత్వంలో ఒకాయన చెడిపోతారన్నారు, ఇంకొకాయన పైలట్లవుతారన్నారు! ఏ తల్లికైనా ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది? అయితే రీగన్ గారు గడుసువాడు. నేను ఆడుకోమన్నానని ఇంటికెళ్ళి చెప్పకండి, ముందు హోమ్‌వర్కు అని కూడా చేర్చారు. తండ్రి అనుభవం ఎక్కడికి పోతుంది!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన జోస్యం పూర్తిగా వట్టిపోలేదు. 2018లో అమెరికా నౌకాదళంలో చేరిన 'కొలరాడో' అనే జలాంతర్గామిలో, పైకి చూసే యంత్రాన్ని తిప్పడానికి పిల్లలు వీడియో గేము ఆడే ఎక్స్‌బాక్స్ మీటలపెట్టెనే పెట్టారు. కుర్ర నావికులకి నేర్పక్కర్లేకుండానే వచ్చేస్తుందట.

రీగన్ గారు ఆ మాటన్న యేడే పరిశ్రమ కూలింది. 'ఈ.టి.' సినిమా పేరుతో అటారీ కంపెనీ 1982 క్రిస్మస్‌కి అందాలని అయిదారు వారాల్లో ఒక ఆట చేయించి, కొనేవాళ్ళు ఎంతమందో చూసుకోకుండా క్యాసెట్లు గుట్టలుగా తయారుచేసింది. అవి మిగిలిపోయాయి. 1983 సెప్టెంబరులో లారీలకెత్తి న్యూమెక్సికో రాష్ట్రంలో అలమగోర్డో అనే వూరి చెత్తదిబ్బలో పాతిపెట్టారు. వీడియో ఆటల పని అయిపోయింది, అదో వెర్రి, వచ్చింది పోయింది అని దుకాణాలవాళ్ళంతా తీర్మానించుకున్నారు. 2014లో ఆ దిబ్బని తవ్వి తీస్తే, ఆ మట్టి కొట్టుకుపోయిన క్యాసెట్లకి వేలంలో మొత్తం లక్ష డాలర్లకి పైగా పలికింది. ఒకటి మ్యూజియంలో పెట్టారు. అటక మీద పాతసామాను పారెయ్యనివ్వని అత్తగార్లకి ఇంతకన్న పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అలా చచ్చిపోయిందన్న ఆటకి ప్రాణం పోసింది ఎవరనుకున్నారు? జపానులో క్యోటో నగరంలో 1889 నుంచీ పేకముక్కలు తయారుచేసుకుంటున్న నింటెండో కంపెనీ. వాళ్ళు 1985లో అమెరికాకి తమ పెట్టె పట్టుకొస్తే, వీడియో గేము అన్న మాట వింటేనే దుకాణాలవాళ్ళు తలుపులు వేసుకుంటున్నారు. వాళ్ళేం చేశారంటే, పెట్టెతోపాటు ఒక ప్లాస్టిక్ మరమనిషిని జతచేసి, అబ్బే ఇది వీడియో గేము కాదండీ, మరబొమ్మ అన్నారు. ఆ మరబొమ్మ చేసిన పని చాలా తక్కువ. ఇల్లు జొరబడేదాకా దాని అవసరం, అంతే. మన పెళ్ళిళ్ళ పేరయ్యలు ఈ పద్ధతి ఎప్పట్నుంచో ఎరుగుదురు.

ఇక ఆడవాళ్ళ గురించి చెప్పిన జోస్యాలు. 1978లో కేరల్ షా అనే ఆవిడ అటారీలో ఉద్యోగంలో చేరింది. అప్పటి అధ్యక్షుడు ఆవిడని చూసి సంతోషించి, మొత్తానికి మనకీ ఒక ఆడమనిషి దొరికింది, ఇంక రంగుల పొందికా, ఇంటి అలంకరణా మీద ఆటలు చెయ్యవచ్చు అన్నారట. ఆవిడే తరవాత చెప్పింది. ఆవిడ ఇంకో కంపెనీకి వెళ్ళి 1982లో చేసిన ఆట 'రివర్ రెయిడ్'. నది మీదుగా యుద్ధవిమానం నడుపుతూ వంతెనలు కూల్చుకుంటూ పోవాలి! ఒడ్లు మారుతూ మారుతూ ఎంత దూరం పోయినా తరగని నదిని నాలుగు కిలోబైట్లలో, అంటే ఈ వ్యాసంలో సగం కూడా పట్టని చోట్లో, ఇమిడ్చింది ఆవిడ. కర్టెన్ల రంగు ఎవరు చూసుకున్నారో తెలియదు.

జపానులో తోరు ఇవతాని అనే కుర్రాడు ఇంకోలా ఆలోచించాడు. ఆటల దుకాణాలనిండా మగపిల్లలే, ఆడపిల్లలు రావాలంటే ఏం చెయ్యాలి, వాళ్ళకి ఏం ఇష్టం అని లెక్కవేసుకున్నాడు. బట్టలు, జోస్యం, తిండి, ప్రేమకబుర్లు అనుకుని, చివరికి తిండి దగ్గర ఆగాడట. అలా పుట్టింది 1980లో 'పాక్‌మాన్', నోరు తెరుచుకుని చుక్కలు మింగుకుంటూ పోయే పసుపు బిళ్ళ. కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని, ఆడవాళ్ళు నిజంగానే వచ్చి ఆడారు. తర్కం తప్పయినా లెక్క ఒప్పయిన వాళ్ళని ఏమనగలం? అదే యేడు అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఇల్లాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని 'మిస్టరీ హౌస్' అనే ఆట కథ అల్లింది, భర్త దాన్ని కంప్యూటరుకి ఎక్కించాడు. తరవాత వాళ్ళ కంపెనీ దేశమంతా పేరు పొందింది. ఈ ఆటలు ఆడవాళ్ళకి కావన్నవాళ్ళు ఆ బల్ల సంగతి వినలేదు కాబోలు.

అసలు నవ్వొచ్చేవి యంత్రాల జోస్యాలు. 1984లో అటారీవాళ్ళు 'మైండ్‌లింక్' అని నుదుటికి కట్టుకునే పట్టీ ఒకటి చేశారు. చేతులతో పని లేదు, ఆలోచనతోనే ఆడవచ్చని ప్రచారం. తీరా చూస్తే అది కనిపెట్టేది ఆలోచనని కాదు, నుదుటి ముడతలని. బంతిని అటు పంపాలంటే కనుబొమలు ఎగరెయ్యాలి, ఇటు పంపాలంటే ముడవాలి. ఆడి చూసినవాళ్ళకి తలనొప్పి పట్టుకుంది, పట్టీ బజారుకి రాకుండానే ఆగిపోయింది. కనుబొమలతో ఇల్లంతా నడిపిన అత్తగార్లని ఎరిగున్నవాళ్ళం కనక మనకి ఇందులో కొత్తేమీ కనిపించదు. తలనొప్పితో సహా.

అంతకుముందు అదే కంపెనీ సైకిలు తొక్కుతూ ఆడే ఆటకి ప్రయత్నించింది, అదీ బయటికి రాలేదు. ఆ తరవాత నేల మీద పరిచే చాప వచ్చింది. దాని మీద పరిగెడితే తెర మీద బొమ్మ పరిగెడుతుంది. పిల్లలు ఇక ఒళ్ళు పెంచరు అని తల్లులు సంబరపడ్డారు. పిల్లలు చాప పక్కన చతికిలబడి చేతులతో టపటపా కొట్టి పందెం గెలిచారు. 1995లో నింటెండో 'వర్చువల్ బాయ్' అని కొత్త లోకం చూపించే కళ్ళద్దాల పెట్టె తెచ్చింది. బల్ల మీద పెట్టి, వంగి, అందులో మొహం దూర్చి చూడాలి. కనిపించే లోకమంతా ఎరుపూ నలుపూ. యేడాది తిరక్కుండా తీసేశారు. ఇంకో కంపెనీవారు 2000 ప్రాంతాల్లో కంప్యూటరు ఆటలకి వాసన జతచేస్తామని బయల్దేరారు. 128 మూలవాసనలు పెట్టె నిండా నింపి వాటితో ప్రపంచంలోని వాసనలన్నీ కలుపుతారట. 2001కల్లా కంపెనీ మూతపడింది. ఆ 128లో ఇంగువ వుండేదో లేదో అని నాకు ఇప్పటికీ ఆరాటమే.

1989లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' రెండో భాగంలో 2015వ సంవత్సరం చూపిస్తారు. కథానాయకుడు పాతకాలపు తుపాకీ ఆట ఒకటి ఆడి చూపిస్తే, భవిష్యత్తు పిల్లలు, ఛీ, చేతులు వాడాలా, ఇది చంటిపిల్లల ఆట అని పెదవి విరుస్తారు. నిజం 2015 వచ్చేసరికి పిల్లలకి చేతులే మిగిలాయి, అందులోనూ బొటనవేళ్ళు. 2000లో సోనీవాళ్ళు తమ రెండో ప్లేస్టేషన్ అమ్ముకోడానికి ఒక ప్రకటన తీశారు. 2078లో తొమ్మిదో ప్లేస్టేషన్ వస్తుందట, అది పెట్టె కాదు, పుప్పొడిలాంటి పొడి, పీల్చేస్తే ఆట నేరుగా బుర్రలోకి ఎక్కుతుంది. నేను వేళ్ళ మీద లెక్క వేశాను. రెండోది 2000లో, అయిదోది 2020లో వచ్చింది. ఈ నడకని బట్టి తొమ్మిదోది 2048 ప్రాంతానికే రావాలి. ముప్ఫై యేళ్ళు ఆలస్యంగా చెప్పిన జోస్యం ఇదొక్కటే.

2019లో గూగుల్ వారు 'స్టేడియా' మొదలుపెట్టినప్పుడు చెప్పినది మరీ ముద్దుగా వుంది. ఆట దూరాన ఎక్కడో నడుస్తుంది కదా, మీట నొక్కితే ఆలస్యం కాదా అని అడిగితే, కాదు, ఇంకో యేడాది రెండేళ్ళలో మీరు ఏ మీట నొక్కబోతున్నారో యంత్రమే ముందుగా వూహించి సిద్ధంగా వుంటుంది అన్నారు వారి ఇంజనీరు. ఈ విద్య మా అమ్మమ్మకి వచ్చు. తాతగారు గొంతు సవరించుకోకముందే కాఫీ గ్లాసు పక్కన వుండేది. ఆవిడ అరవయ్యేళ్ళు నడిపింది. స్టేడియా 2023 జనవరిలో మూసేశారు.

ఇంతకీ ఏ జోస్యం నిజమైంది? ఇందాక గుర్తుంచుకోమన్న పాచికలు చూడండి. 2020లో కరోనా వచ్చి దేశమంతా ఇళ్ళలో కూర్చున్నప్పుడు మనవాళ్ళు ఫోన్లలో ఎగబడి ఆడినది ఏ పుప్పొడి ఆటా కాదు, 'లూడో కింగ్'. ముంబయి కంపెనీ 2016లో విడుదల చేసింది. లూడో అంటే 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న మన పచ్చీసు. అక్బరు పాదుషా ఫతేపూర్ సిక్రీ ముంగిట్లో రాళ్ళు పరిపించి, మనుషుల్నే కాయలుగా నిలబెట్టి ఆడించాడని చెబుతారు. హైదరాబాదులో తల్లి, డల్లాస్‌లో కూతురు, విశాఖపట్నంలో పిన్ని, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకరి కాయనొకరు చంపుకున్నారు. జోస్యాలు చెప్పినవాళ్ళలో ఒక్కడైనా, భవిష్యత్తులో అమ్మమ్మలు పచ్చీసు ఆడతారు అన్నాడా?

అంతమాత్రాన సంబరపడి వూరుకోడానికి లేదు, ఆ బిళ్ళల డబ్బా ఒకటుంది కదా. 2006లో ఒక అమెరికా కంపెనీ తన ఆటలో గుర్రానికి కవచం తొడగాలంటే రెండున్నర డాలర్లు కట్టాలంది. లేని గుర్రానికి లేని కవచమా అని లోకమంతా నవ్వింది. ఇప్పుడు లక్షల ఆటలు ఆ కవచం మీదే బతుకుతున్నాయి. ఆట ఊరికే ఇస్తారు, ప్రాణాలు అయిదు ఇస్తారు, అవి అయిపోయాక ఆరో ప్రాణానికి డబ్బు. ఇక పేకాట సంగతి. 1967లో మన సికింద్రాబాదు క్లబ్బు కేసులోనే సుప్రీంకోర్టు, రమ్మీ కేవలం అదృష్టం కాదు, నేర్పు కావలసిన ఆట అని తీర్పు చెప్పింది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, రాత్రికి క్లబ్బు తాళం వేసేసే రోజుల్లో చెప్పిన మాట అది. ఆ మాటనే అడ్డం పెట్టుకుని ఫోను రమ్మీ కంపెనీలు దుకాణం తెరిచాయి. ఫోనుకి తాళం వేసే మేనేజరు లేడు. పక్కన పడుకున్న మనిషి దుప్పటి కింద ఎంత పోగొట్టుకున్నాడో భార్యకి తెల్లారినా తెలియదు. నగలు తాకట్టుకి వెళ్ళాకనో, అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డాకనో తెలిసేది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. 1981లో బొమ్మరాక్షసుల మీద ఓట్లు వేసిన కాలానికీ దీనికీ నలభై నాలుగేళ్ళు. సన్నీవేల్ బారులో డబ్బా నిండితే ఆట దానంతటది ఆగింది. ఫోనులో డబ్బాకి అడుగు లేదు, ఎంత పోసినా నిండదు, కనక ఆగదు.

అందరూ చెప్పారు కదా, నేనూ నాలుగు ముక్కలు చెబుతాను, 2078లో తీసి చూసుకోండి. ఆ పుప్పొడి రానే వస్తుంది. వచ్చిన వారానికే ఎవరో, అది అన్నం తిన్నాక పీల్చవచ్చా, ముందు పీల్చాలా అని ఇలాంటి పత్రికకే ఉత్తరం రాస్తారు. మీట నొక్కకముందే వూహించే యంత్రం కూడా వస్తుంది, అది నా కాయని చంపబోయిందని నాకు ముందే తెలిసి ఆట మానేస్తాను. పిల్లలు చెడిపోతున్నారని ఒక డాక్టరు అంటాడు, పైలట్లవుతారని ఒక అధ్యక్షుడు అంటాడు. ఎండాకాలం సెలవుల్లో కరెంటు పోతుంది. అప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి అష్టాచెమ్మా మొదలుపెడతారు. నాలుగో గవ్వ దొర్లుకుంటూ పోయి బీరువా కింద దూరుతుంది, దాన్ని తియ్యడానికి అప్పటికీ చీపురుపుల్లే కావాలి.